గుట్ట మీద చెరువు

వాన నీరు పల్లానికి పారుతుందన్న సంగతి ప్రభుత్వానికి ఆ ఏడాది వేసవిలో తెలిసింది. తెలిసిందే తడవు రాజధానిలో ఒక సదస్సు పెట్టారు. మండుటెండల్లో, చల్లటి హాల్లో, పెద్ద పెద్ద అధికారులు ఆ విషయం మీద పొద్దుగుంకేదాకా మాట్లాడుకున్నారు. నీటితోపాటు మట్టి కూడా కొట్టుకుపోతుందని భోజనాల తర్వాత ఒకాయన కనిపెట్టాడు. రైతులు మాత్రం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా, ఎవరి అనుమతీ లేకుండా గట్లు వేసుకుంటూ, రాళ్లు పేర్చుకుంటూ ఇష్టారాజ్యంగా బతికేస్తున్నారని తేలింది. ఇక మీదట ఇలా సాగడానికి వీల్లేదని అందరూ ఒప్పుకున్నారు. అలా పుట్టింది "నేల–నీరు–నేను" అనే పోర్టల్.

దాని ప్రకారం ప్రతి రైతూ తన పొలానికి మట్టి, నీటి సంరక్షణ ప్రణాళిక తానే ఆన్‌లైన్‌లో తయారు చేసుకోవాలి. చేసుకోలేని రైతుకు సిబ్బంది సాయపడాలి. సాయపడినా చేసుకోని రైతుకు సబ్సిడీ వేరుశనగ విత్తనం ఇవ్వరు. ఈ చివరి మాట చెవిన పడ్డాక బోడిగుట్టపల్లె రైతులందరికీ మట్టి మీదా నీటి మీదా ఎక్కడలేని అక్కర పుట్టుకొచ్చింది.

బోడిగుట్టపల్లె వానను నమ్ముకున్న మెట్ట ఊరు. ఊరి వెనక గుట్ట, ఆ గుట్ట నెత్తిన కుళ్లాయప్ప చేను. ఊరి మొత్తంలో అంతకంటే ఎత్తైన భూమి ఇంకొకటి లేదు. ఎద్దులు పైకి ఎక్కాక కాసేపు రొప్పి గానీ కాడి కిందికి మెడ వంచవు. ఎంత వాన పడినా నీళ్లు అక్కడ నిలిచేవి కావు. గట్టు ఏ మాత్రం ఏమరినా ఎర్రమట్టిని కూడా వెంటబెట్టుకుని కిందికి దిగిపోయేవి. అందుకే కుళ్లాయప్ప ఏడాదిలో సగం రోజులు రాళ్లు మోస్తూ, గండ్లు పూడుస్తూ కనపడేవాడు.

మనిషి నెమ్మదస్తుడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఈ నెమ్మదితనాన్ని ఊరు చాలాకాలంగా ఉమ్మడి ఆస్తి కింద వాడుకుంటోంది. కరెంటు స్తంభం పాతడానికి ఎవరూ చోటివ్వకపోతే కుళ్లాయప్ప చేలో పాతారు. బడిలో విరిగిన బల్లలు ఎక్కడ పెట్టాలో తోచకపోతే ఆయన కొట్టంలో పెట్టారు. ఎన్నికల్లో గెలిచిన వర్గం ఊరేగింపూ, ఓడిన వర్గం ఏడుపూ రెండూ ఆయన అరుగు మీదే జరిగాయి. "నిన్ను కట్టుకున్యా గాబట్టి నేనొక్కదాన్నే నీ మీద అరుస్తావుండా. నేను గూడా లేకపోతే ఊరోళ్లు నిన్ను గుంజకు కట్టేసుంటారు" అనేది ఆయన భార్య సుంకులమ్మ. కుళ్లాయప్ప దానికీ నవ్వి ఊరుకునేవాడు.

ప్రణాళికల మేళా ఊరి సచివాలయంలో పెట్టారు. వ్యవసాయ సహాయకురాలు ప్రవల్లిక ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. సాయంత్రానికల్లా ఊరు నూటికి నూరు శాతం కావాలని పైనుంచి పొద్దున్నే ఫోను వచ్చింది. రైతులు బారులు తీరి నిలబడ్డారు. అందరికంటే ముందు తిప్పయ్య.

పేరు, ఆధార్, ఎకరాలు, పంట అన్నీ సాఫీగా నడిచాయి. ఆ తర్వాత వచ్చింది అసలు ప్రశ్న.

"మీ చేలో పడిన వాన నీళ్లు ఎవరి చేలోకి పోతాయి పెద్దాయనా?" అని అడిగింది ప్రవల్లిక.

"వంకలేకి పోతాయి తల్లీ."

"వాగు, వంక అని లేదు ఇందులో. ఎవరో ఒక మనిషి పేరూ, సర్వే నంబరూ ఇవ్వాలంట."

ఆమె పైకి ఫోను చేసి మరీ అడిగింది. వంకకు ఆధార్ లేదనీ, కాబట్టి వంక లబ్ధిదారు కిందికి రాదనీ జవాబు వచ్చింది. రాజధానిలో కూర్చుని ప్రశ్న తయారుచేసినవాళ్ల లెక్క ఏమంటే, దేశంలో ప్రతి గజం భూమీ ఎవరో ఒకరిది, కాబట్టి ప్రతి చుక్కా ఎవరో ఒకరికి చెందాలి.

తిప్పయ్య నీళ్లు నమిలాడు. ఆయన చేనుకు ఆనుకుని పల్లంలో ఉన్నది చౌడారెడ్డి చేను. నిజం చెప్పాలంటే ఆ పేరే చెప్పాలి. కానీ ఆ రెండు చేల నడుమ గట్టు మామూలు గట్టు కాదు. దాని మీద వాళ్ల తాతలు కొట్టుకున్నారు, తండ్రులు కోర్టుకెక్కారు, ప్లీడర్లు పట్నంలో మిద్దెలు కట్టుకున్నారు. ఇప్పుడు 'నా నీళ్లు నీ చేలోకే వస్తాయి' అని ప్రభుత్వ కంప్యూటర్లో రాయించి ఇస్తే, రేపు పొద్దున్నే చౌడారెడ్డి ఆ కాగితం పట్టుకుని స్టేషనుకు పోతాడు. పైగా ఆయన వరసలో తన వెనకే నిలబడి చెవులు రిక్కించి వింటున్నాడు.

తిప్పయ్య తల గోక్కుని, ఉన్నట్టుండి వెలిగిపోయిన మొహంతో అన్నాడు: "కుళ్లాయప్ప పేరు రాయమ్మా. ఆయప్ప ఏమనుకోడు."

"ఆయన చేను గుట్ట మీద గదా?"

"గుట్ట మీదుంటే ఏమమ్మా, మనిషి మంచోడు."

ప్రవల్లిక నొక్కింది. పోర్టల్ ఎత్తూ పల్లమూ అడగలేదు. పేరు అడిగింది, పేరు ఇచ్చారు, పచ్చ టిక్కు వేసింది. వెనకనుంచి చౌడారెడ్డి, "నాకూ అదే పేరు రాయి పాపా" అన్నాడు. ఆయనకూ కింద ఇంకొకరి చేను ఉంది మరి. ఆ వెనకాయనా అదే అన్నాడు. మధ్యాహ్నానికి జనం నోరు విప్పే పని కూడా లేకుండా పోయింది. కుర్చీలో కూర్చుని గుట్ట వైపు వేలు చూపిస్తే సరిపోయింది.

ఆ సమయానికి కుళ్లాయప్ప గుట్ట మీద గట్టుకు గండి పూడుస్తున్నాడు. పని ముగించుకుని చేతులు కడుక్కుని వచ్చేసరికి మేళా ముగిసింది. ప్రవల్లిక మాత్రం ఇంకా తెర మీది పటం వంక చూస్తూ కూర్చుంది. బోడిగుట్ట నెత్తిన నీలంగా ఒక గుండ్రటి మచ్చ, ఊరి చేలన్నింటి నుంచీ బాణాలు దాని మీదికి ఎక్కుతున్నాయి. ఆ పిల్ల డివిజన్ ప్రాజెక్టు అధికారి దక్షిణామూర్తి గారికి ఫోను చేసి సంగతి చెప్పింది.

"శాతం ఎంతమ్మా?" అన్నాడాయన.

"ఒక్క రైతు తప్ప అందరూ అయ్యారు సార్."

"మరి సమస్య ఏమిటి?" అని పెట్టేశాడు.

వారం తిరక్కుండా గుట్ట మీద పెద్ద బోర్డు వెలిసింది. 'లోతైన నీరు. ఈత నిషిద్ధము. మొసళ్లు ఉండవచ్చును.' మొసళ్ల మాట ఏ చెరువు బోర్డులోనైనా ఉండేదేనని బోర్డు పాతినవాడు చెప్పాడు. వీఆర్వో వచ్చి కుళ్లాయప్ప చేతిలో నోటీసు పెట్టి చదివి వినిపించాడు:

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పరివాహక సమాచారము మేరకు సదరు భూమి జలాశయముగా గుర్తింపబడినందున, సదరు జలాశయ గర్భములో దున్నుట, విత్తుట, పశువులను తోలుట నిషేధించడమైనది. అతిక్రమించి మునిగిపోయినవారికి ప్రభుత్వము బాధ్యత వహించదు."

కుళ్లాయప్పకు మొదట నవ్వొచ్చింది. ఎవరో తమాషాకు చేసి ఉంటారనుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులకే మంచి వాన పడింది. ఊళ్లో ప్రతివాడూ గొర్రు కట్టి విత్తనానికి దిగాడు. కుళ్లాయప్ప కూడా ఎద్దుల్ని తోలుకుని గుట్టెక్కాడు. అక్కడ వీఆర్వో గొడుగు వేసుకుని బోర్డు కింద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నువ్వు మునుగుతావని కాదు. నా ఉద్యోగం మునుగుతాది" అని చేతులు జోడించాడు.

కుళ్లాయప్ప ఎద్దుల్ని వెనక్కి తిప్పాడు. ఆ పూట అన్నం సయించలేదు. రోజూ పొద్దున్నే గుట్టెక్కి మట్టిలో వేలు గుచ్చి చూసేవాడు. వాన తెచ్చిన తడి పదును రోజురోజుకూ లోపలికి జారిపోయింది, చివరికి వేలికి పొడి దుమ్ము తగిలింది. వానొచ్చి కూడా చేను బీడు పెట్టుకోవడం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఇంకో వాన రాకపోతే, వచ్చినా అప్పుడు కూడా విత్తనం పడకపోతే, ఈ ఏటికి ఆ చేలో గింజ పండదు. ఆ నాలుగెకరాలు తప్ప ఆ మొగుడూ పెళ్లాలకు వేరే ఆధారం లేదు. ఆయనకు భయం పట్టుకుంది.

మండల కేంద్రంలో దక్షిణామూర్తి గారి కార్యాలయం కొత్త భవనం. లోపల మట్టి రకాల పటాలూ, నీటి పారుదల పటాలూ అద్దాల్లో బిగించి ఉన్నాయి. కుళ్లాయప్ప చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాడు. దక్షిణామూర్తి గారు అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, సభలో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"మీ ఆవేదన వ్యవస్థ దృష్టిలో ఉంది. అయితే ఒక అంశం గమనించాలి. ఇది పైనుంచి రుద్దిన పథకం కాదు. రైతుల భాగస్వామ్యంతో, రైతుల నోటి నుంచే సేకరించిన సమాచారం. మీ గ్రామం యావత్తూ ఏకగ్రీవంగా నీరు మీ పొలంలోకే వస్తోందని నివేదించింది. రావట్లేదంటున్నది మీరొక్కరే. ప్రజాస్వామ్యంలో ఇది కొంచెం ఇబ్బందికరమైన వాదన."

"గుట్ట మీదికి నీళ్లు ఎట్ల ఎక్కుతాయి సార్?"

"ఎత్తిపోతల పథకాల్లో ఎక్కట్లేదా?"

"దానికి మోటార్లుంటాయి గదా సార్."

"అదే మన డివిజన్ సాధించిన ఘనత. మోటారు ఖర్చు కూడా లేకుండా ఎక్కించాం."

"ఒగసారి వచ్చి సూడండి సార్. సుక్క నీళ్లు లేవు ఆడ" అన్నాడు కుళ్లాయప్ప.

"క్షేత్ర పరిశీలన వల్ల ప్రయోజనం పరిమితం. క్షేత్రంలో కనిపించేది ఆ ఒక్క రోజు పరిస్థితి. పోర్టల్‌లో ఉన్నది శాశ్వత పరిస్థితి. భౌతికంగా అక్కడ నీరు లేకపోవచ్చు, కాదనను. వ్యవస్థాపరంగా ఉంది." ఆయన గొంతు తగ్గించి దయగా అన్నాడు: "మార్గం లేకపోలేదు. మీ పేరు చెప్పిన రైతులు స్వచ్ఛందంగా వచ్చి వేరొక పేరు చెబితే సవరణకు పరిశీలిస్తాం."

కుళ్లాయప్ప ఊరికి తిరిగొచ్చి ముందు తిప్పయ్య ఇంటికి వెళ్లాడు. తిప్పయ్య మంచం వాల్చాడు, మంచినీళ్లిచ్చాడు, సంగతంతా విని ఎంతో నొచ్చుకున్నాడు.

"నిజం చెప్పు మామా, నీకు నా మీద కోపమొచ్చిందా?"

"లేదులే అబ్బీ."

"సూస్తివా! అందుకే గదా నీ పేరు రాయించింది. అదే చౌడారెడ్డి పేరు రాసుంటే ఈపాటికి నా తల పగిలుండు."

చౌడారెడ్డి కూడా ఇంచుమించు ఇదే అన్నాడు. మిగతా ఇళ్లకు వెళ్లేందుకు కుళ్లాయప్పకు ఓపిక లేకపోయింది.

ఇంతలో మత్స్యశాఖ ఇన్‌స్పెక్టరు దిగాడు. కొత్త చెరువులన్నింట్లో చేపపిల్లలు వదలాలని ఆర్డరుంది. మోటారు సైకిలు మీద క్యాను కట్టుకుని చెమటలు కక్కుతూ గుట్టెక్కి, ఎర్రటి దుబ్బ మట్టి వంకా, బోర్డు వంకా మార్చి మార్చి చూశాడు.

"చెరువు ఎక్కడండీ?"

"మీరు నిలబడిండేది అందులోనే సార్" అన్నాడు కుళ్లాయప్ప. ఆయన ఎగతాళికి అనలేదు, అందరూ అంటున్నదే తనూ అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కాళ్లు చూసుకున్నాడు. "నీళ్లున్నాయా లేదా అన్నది ఇరిగేషన్ వాళ్ల సబ్జెక్టు. మాకు వదిలినట్టు ఫొటో ఉండాలి. దుబ్బలో పోసేయమంటే పోసేస్తాను."

క్యానులో పిల్లలు మిలమిలా తిరుగుతున్నాయి. కుళ్లాయప్పకు ప్రాణం ఉసూరుమంది. ఇంటి దగ్గర ఎద్దులు నీళ్లు తాగే తొట్టిలో పోయించాడు. బోర్డును కూడా పెరికి తెచ్చి తొట్టి పక్కన ఆనించి ఫొటో తీసుకుని, మళ్లీ యథాస్థానంలో పాతి ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయాడు. సాయంత్రం ఎద్దులు తొట్టిలో మూతి పెట్టి, ఉలిక్కిపడి, యజమాని వంక చూశాయి.

సుంకులమ్మ బిందె కింద పెట్టి కొంగు బిగించింది. "ఎద్దులకు దప్పికైతే ఇంగ చేపల్ని అడిగి తాగల్లా? ఊరి స్తంభం మోస్తివి, ఊరి బల్లలు మోస్తివి. ఇప్పుడు ఊరి నీళ్లు మోయమంటే దానికీ తలూపుతాండావు. అవి నీళ్లు గూడా కాదు, ఉట్టి అబద్ధాలు. నీకు రోసమనేది దేవుడు పెట్టనేలేదా?"

కుళ్లాయప్ప నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. గుండెల్లో ఏదో మండుతున్నట్టుంది. మధ్యాహ్నం తిన్న మిరపకాయ బజ్జీ పని చేస్తోందేమో అనుకున్నాడు. అది కోపమని ఆయనకు తెలియడానికి చాలాసేపు పట్టింది. ఆ వయసులో కొత్తగా వచ్చింది కాబట్టి గుర్తుపట్టలేకపోయాడు.

రెండో వాన ఆ వారంలోనే పడింది. నేల బెత్తెడు లోతు నానింది. మళ్లీ వీఆర్వో గొడుగు, మళ్లీ జోడించిన చేతులు. ఈ పదును కూడా పోతే ఈ ఏటికి ఇంతే సంగతులని కుళ్లాయప్పకూ తెలుసు, వీఆర్వోకూ తెలుసు. ఇద్దరూ బోర్డు కింద కూర్చుని తడినేల వంక చూశారు.

ఆ వాననే పోర్టల్ కూడా లెక్కగట్టింది. ఊరి చేలన్నింట్లో పడిన నీళ్లు కుళ్లాయప్ప చెరువుకు చేరాయి. చెరువు పొంగింది, తెర మీద ఎర్ర దీపం వెలిగింది. అప్పుడు గానీ పెద్దల దృష్టికి రాలేదు, ఆ చెరువుకు మరవ లేదని. నిండిన చెరువులో ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారే మరవ. మరవ లేని చెరువు తెగుతుంది, తెగితే కింద ఊరు మునుగుతుంది. రాజధాని నుంచి ఫోను మీద ఫోను వచ్చింది. మర్నాడే దక్షిణామూర్తి గారు జీపుల్లో గుట్ట కిందికి, అక్కడినుంచి కాలినడకన గుట్ట పైకి వచ్చారు. 'మరవ నిర్ధారణ సభ'కు చెరువు నడిబొడ్డున షామియానా వేశారు. పొడిగా ఉన్న చోటు అదొక్కటేనట.

ఆయన మైకు పట్టుకున్నాడు. "నియమావళి ప్రకారం ఈ జలాశయానికి సంప్రదాయ సంరక్షకులు శ్రీ కుళ్లాయప్ప గారు. మిగులు నీరు ఏ సర్వే నంబరుకు వెళ్లాలో నిర్ణయించే సంపూర్ణ అధికారం వారిదే. మండల పరిధిలో ఏ నంబరైనా చెప్పవచ్చు. ప్రభుత్వం జోక్యం చేసుకోదు. ఒక్కసారి నొక్కితే అదే ఖాయం."

ఊరి నీళ్లన్నీ ఇప్పుడు కుళ్లాయప్ప నాలుక చివర ఉన్నాయి. ఆయన ఎవరి పేరెత్తితే వాడి చేను సాయంత్రానికి చెరువు. అప్పుడే మొలకెత్తి వరసలు తేలుతున్న పైరంతా చెరువు గర్భం పాలు. తిప్పయ్య ఉన్నపళాన కుర్చీ తెచ్చి వేశాడు. చౌడారెడ్డి ఇంటినుంచి మజ్జిగ తెప్పించి, గ్లాసు తన చేత్తో అందించాడు.

"కుళ్లాయప్ప గారూ, ఎండగా ఉంది, తాగండి" అన్నాడు. పుట్టినప్పటినుంచీ 'ఒరే కుళ్లాయిగా' తప్ప ఇంకో పిలుపు ఆ నోట రాలేదు.

కుళ్లాయప్ప మజ్జిగ తాగాడు. నిజానికి ఆయన చేను నీళ్లు దిగేది చౌడారెడ్డి చేలోకే. చెప్పినా అబద్ధం కాదు. చెప్పాలని మనసు లాగింది కూడా. ఒక్క మాట అంటే చాలు, ఇన్నేళ్ల బాకీ తీరిపోతుంది. కానీ గుట్ట మీదినుంచి కిందికి చూస్తే చౌడారెడ్డి చేలో శనక్కాయ మొలకలు జంటాకులు వేసి నిలబడి ఉన్నాయి. వాటిని చూసి ఆయన మనసు నీరుగారిపోయింది. ఆ మొలకలు ఎవరి పేరూ రాయించలేదు కదా అనుకున్నాడు. తిప్పయ్య చేనూ అంతే. ఊళ్లో ఎవరి చేను చూసినా అంతే. మంట మాత్రం గుండెల్లో అలాగే ఉంది.

ఆయన చూపు మెల్లగా మైకు దగ్గరికి వచ్చింది.

"సార్, మీ ఆఫీసుది ఏ సర్వే నంబరు సార్?"

అర్జీ పంపుకోవడానికి కాబోలనుకున్నాడు దక్షిణామూర్తి గారు. కొత్త భవనం కదా, నంబరు ఆయనకు నోటికి వచ్చు. గర్వంగా చెప్పాడు.

"దానికే రాయమ్మా" అన్నాడు కుళ్లాయప్ప.

ల్యాప్‌టాప్ మీద ప్రవల్లిక వేలు ఆగింది. ఆ పిల్ల తన పై అధికారి మొహంలోకి చూసింది. ఆయన కళ్లు చెమర్చాయి.

"చూశారా!" అన్నాడు గద్గదంగా. "ఒక సామాన్య రైతు తన నీటిని ప్రభుత్వానికి అంకితం చేస్తున్నాడు! ఇంతకంటే భాగస్వామ్యం ఏముంటుంది? నొక్కమ్మా, నొక్కు!"

ప్రవల్లిక నొక్కింది. దక్షిణామూర్తి గారు చప్పట్లు కొట్టాడు, ఊరు ఊరంతా ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టింది. కుళ్లాయప్ప మెడలో దండ వేసి ఫొటో తీశారు.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు. నీళ్లు మారిపోయాయి కాబట్టి చేపపిల్లలు కూడా మారిపోవాలనీ, తన బండి పాడైందనీ, కాస్త సాయం చేయమనీ బతిమాలాడు. కాదనడం కుళ్లాయప్పకు రాదు కదా. పైగా ఎద్దులకు తొట్టి ఖాళీ అవుతుంది. పిల్లల్ని ఒక క్యానులోకి ఎత్తి, దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు.

దక్షిణామూర్తి గారి ఆఫీసు ముందు రోడ్డు మీద సిబ్బంది అంతా నిలబడి ఉన్నారు. గేటు పక్కన బోర్డు పాతుతున్నారు. 'లోతైన నీరు. ఈత నిషిద్ధము.' తాసిల్దారు ఆఫీసు మనిషి జలాశయ గర్భం ఖాళీ చేయాలని నోటీసు గోడకు అంటిస్తున్నాడు. లైన్‌మన్ స్తంభమెక్కి ఫ్యూజు పీకుతున్నాడు.

"నీళ్లెక్కడున్నాయయ్యా?" అని కిందినుంచి అరుస్తున్నాడు దక్షిణామూర్తి గారు.

"పోర్టల్‌లో ఉన్నాయి సార్. నీట మునిగిన బిల్డింగుకు సప్లయి ఇస్తే నా ఉద్యోగం పోతుంది."

"ఒక్కసారి కళ్లతో చూడవయ్యా!"

"కళ్లతో చూసి ఉంచమని మాకు ఆర్డరు లేదు సార్."

దక్షిణామూర్తి గారు రాజధానికి ఫోను చేశాడు. చెమట తుడుచుకుంటూ ఆయన మాట్లాడుతుంటే, కుళ్లాయప్ప క్యాను పట్టుకుని పక్కనే నిలబడి విన్నాడు. "సార్, ఇది మెరక స్థలం సార్... ఇంత మెరకకు నీళ్లు ఎలా ఎక్కుతాయి సార్?... లేదు సార్, ఎత్తిపోతలకు మోటార్లుంటాయి కదా సార్... అవును సార్, వ్యవస్థాపరంగా ఉన్నాయి సార్, కానీ భౌతికంగా చుక్క కూడా... ఒక్కసారి ఎవరినైనా పంపి చూడమనండి సార్..."

అవతలివాళ్లు ఏమన్నారో గానీ ఆయన మొహం మాడిపోయింది. కుళ్లాయప్పకు జాలేసింది. జాలితోపాటు, దాచడమెందుకు, కొంచెం సంతోషం కూడా కలిగింది.

వారాల తరబడి ఎవరికీ తోచని ఉపాయం మధ్యాహ్నం భోజనాల వేళకు తోచింది. ఫ్యాను లేని ఎండలో నిలబడితే బుర్రలు చురుగ్గా పనిచేస్తాయి కాబోలు. ఎవరి ప్రణాళికా తప్పని ఒప్పుకోనక్కర్లేదు, ఎవరి పేరూ మార్చనక్కర్లేదు. 'నీరు ఎక్కడికి పోతుంది' అన్న ప్రశ్న కింద కొత్తగా ఒక జవాబు చేర్చారు: 'ఆవిరైపోతుంది.' రాజధానిలో ఎవరో ఒక్క మీట నొక్కారు. డివిజన్‌లోని రైతులందరి నీళ్లూ, చేసుకున్న ప్రణాళికలతో సహా, ఒకే క్షణంలో ఆవిరైపోయాయి. ఆఫీసులో ఫ్యాన్లు తిరిగాయి. నీటి సమస్యకు శాశ్వత పరిష్కారం లభించిందని సాయంత్రానికి పత్రికలకు ప్రకటన వెళ్లింది.

నీళ్లే లేనప్పుడు చెరువెక్కడిది? ఆ సంగతి ప్రవల్లిక ఫోనులో చెప్పేసరికి కుళ్లాయప్ప క్యాను ఇన్‌స్పెక్టరు ఆఫీసు మెట్ల మీద పెట్టి దొరికిన బస్సు ఎక్కాడు. ఊళ్లో దిగి ఇంటికి కూడా పోకుండా గుట్టెక్కి మట్టిలో వేలు గుచ్చాడు. పైన ఆరింది గానీ, లోపల చల్లగా తడి తగిలింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

తెల్లారేసరికి గొర్రు కట్టారు. సుంకులమ్మ నిరుటి పంటలో దాచిన విత్తనాల గంప చంకన పెట్టుకుని గొర్రు వెనక గింజలు వదులుతోంది. సగం చేను అయ్యేసరికి కింద జీపు ఆగింది. దక్షిణామూర్తి గారు ఒక కాగితం పట్టుకుని ఆయాసపడుతూ పైకి వచ్చాడు. 'సదరు భూమిలో మొదటినుంచీ నీరు లేదు' అని కుళ్లాయప్ప సంతకం పెట్టాలి. అది లేకపోతే ఫైలు మూతపడదట. కుళ్లాయప్ప చేతులు పంచెకు తుడుచుకుని, కాడి మీద కాగితం పెట్టి సంతకం చేశాడు.

దక్షిణామూర్తి గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ వెళ్లలేదు. కాసేపు చేను వంక చూసి, మామూలు మనిషి గొంతుతో అడిగాడు: "ఒక్క మాట చెప్పండి. ఇంత ఊరుంది, ఇంత మండలముంది. నా ఆఫీసే ఎందుకు చెప్పారు?"

"ఊళ్లో ఎవరిది చెప్పినా ఒగ కుటుంబం వీధిన పడతాది సార్" అన్నాడు కుళ్లాయప్ప. "మీది సర్కారు గదా. నేను అన్ని రోజులు మొత్తుకున్నా కదల్లేదే, ఈ నీళ్లకు మాత్రం కదుల్తాదా అనుకుంటి."

కుళ్లాయప్ప గొర్రు మేడి పట్టుకుని ఎద్దుల్ని అదిలించాడు.